పనిచేసిన చోటికి చుట్టపుచూపుగా

క్లోవెట్ మెక్‌నిష్ మొదటిసారి ఆ హోటల్లో అతిథిగా దిగినప్పుడు, మర్నాడు పొద్దున్నే కడుపునొప్పని అబద్ధమాడి ఇంటికొచ్చేసింది.

అది ఆమె ఉద్యోగం మానేసిన ఏడాది. వాళ్ల దీవిలో ట్రెలానీ అనే చోట, సముద్రం ఒడ్డున తెల్లటి ఇసక పక్కనున్న ఆ హోటల్లో ఆమె సగం జీవితం గదులు సర్దింది. చివరి కొన్నేళ్లు గదులు సర్దే ఆడవాళ్లందరి మీదా పెద్దగా ఉంది. మానేసే రోజున కేకు కోయించి, నాలుగు మంచి మాటలు చెప్పి, "ఇన్నాళ్లూ అందరికీ చేసిపెట్టావు, ఓ రెండ్రోజులు వచ్చి చేయించుకో" అని ఉచితంగా బస ఇచ్చారు. తిండి, తాగుడు, ఆటపాటలు అన్నీ అందులోనే. మొగుడు రానంటే చెల్లెలు హైసింత్‌ని వెంటబెట్టుకెళ్లింది.

హైసింత్ ఇప్పటికీ చర్చి మెట్ల మీద కూర్చుని ఆ కథ చెప్పి నవ్విస్తుంది. "నేనింకా కళ్లు తెరవలేదు. నా కిందనుంచి దుప్పటి లాగుతోంది మహాతల్లి! 'లేవే, మూలలు వదులయ్యాయి' అంటుంది. తలుపు కొట్టి 'గది సర్దాలండీ' అని ఎవరో పిల్ల పిలిస్తే, 'అయిపోయింది, పక్క గదికి పో' అని లోపల్నుంచే కేకేసింది. టిఫిను దగ్గర మా పళ్లేలు సరే, పక్క బల్లవాళ్లవి కూడా ఒకదానిమీద ఒకటి పేర్చి వంటింట్లోకి పట్టుకుపోయింది. వాళ్లింకా తింటున్నారు!"

అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. క్లోవెట్ కూడా నవ్వేది. కానీ ఆ రోజు తనెందుకు వచ్చేసిందో చెల్లెలికి చెప్పలేదు, చెప్పడం తనకీ చేతకాలేదు. ఊరికే కూర్చుంటే చేతులు రెండూ ఎవరివో తెచ్చి తనకి అతికించినట్టు అనిపించింది, అంతే.

మళ్లీ వెళ్లే మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి ఆ మాట ఎత్తింది కూతురు నెరిస్సా. ఫాల్మత్‌లో చిన్నపిల్లల బడిలో టీచరు. అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయని, ఊరివాళ్లకి తక్కువలో ఇస్తున్నారని, ఎవర్నీ అడక్కుండా అదే హోటల్లో గదులు తీసేసుకుంది. ఆమె మొగుడు పర్యాటకుల వ్యాను నడుపుతాడు, సీజన్లో ఊపిరి సలపదు కాబట్టి అతను రాడు. వెళ్లేది తనూ, ఏడేళ్ల కూతురు కెజియా, అమ్మా, నాన్నా.

ఆదివారం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పేసరికి తండ్రి రాన్స్‌ఫర్డ్ చెంచా కింద పెట్టేశాడు.

"నేను రాను."

"ఎందుకు రావు నాన్నా?"

"మేకలు ఎవరు చూస్తారు?"

"పిన్ని చూస్తుంది. అడిగాను."

"పెండలం తీగలు కర్రలకి పాకించాలి."

"నాలుగు రోజులు ఆగితే అవేం పారిపోవు."

రాన్స్‌ఫర్డ్ గ్లాసెడు నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. కొండ మీద పసుపు పెండలం పండించే మనిషి, ఊరందరికీ 'మాస్ రాన్నీ', అంటే రాన్నీగారు; మాట తక్కువ. "చూడు నెరిస్సా. ఇన్నేళ్లు సాయంత్రం మీ అమ్మ కోసం ఆ పనివాళ్ల గేటు బయట బండిలో కూర్చున్నాను. వాన పడ్డా 'లోపలికి రా మాస్ రాన్నీ, చూరు కింద నిలబడు' అన్నవాడు లేడు. పైగా బండి అటు తియ్యి, అతిథుల బస్సు వస్తోంది అనేవాళ్లు. ఆ గేటు నన్ను వద్దంది. ఇప్పుడు నేను దాన్ని వద్దంటున్నా."

క్లోవెట్‌కీ వెళ్లాలని లేదు. ఇద్దరూ కలిసి మానిపించేవాళ్లే, కెజియా మధ్యలో దూరకపోతే.

"తాతా, అక్కడ ఐస్‌క్రీమ్ కుళాయిలోంచి వస్తుందట."

"కుళాయిలోంచి వచ్చేది తింటావా నువ్వు?"

"తింటా. నువ్వు పక్కనుంటే తింటా."

రాన్స్‌ఫర్డ్ మనవరాలి వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు, మళ్లీ చెంచా తీసుకున్నాడు. "ఎప్పుడు ప్రయాణం?"

బయల్దేరే రోజు ఆయన సంచి మిగతా ముగ్గురి సామాను కంటే బరువుంది. హోటలు ముందు వసారాలో టోపీ పెట్టుకున్న కుర్రాడు "ఇలా ఇవ్వండి సార్" అని దాన్ని అందుకోబోతే ఆయన వదల్లేదు. ఇద్దరూ చెరో పక్క లాగేసరికి సంచి నోరు తెరుచుకుంది. లోపల మట్టి కూడా దులపని పసుపు పెండలం, కాల్చిన సీమపనస కాయ, కాగితంలో చుట్టిన ఉప్పుచేప, పొద్దున్నే మరిగించుకోవడానికి కాకరాకు కట్ట.

"నాన్నా! ఇక్కడ తిండి అంతా ఉంటుందని చెప్పాను కదా!" నెరిస్సా సిగ్గుతో చచ్చిపోయింది.

"ఉంటుంది. ఎవరు వండారో తెలీని తిండి ఉంటుంది."

తర్వాత పేర్లు రాసుకునే బల్ల దగ్గర పిల్ల ఒకామె ఆయన మణికట్టుకి నీలం పట్టీ చుట్టబోయింది. అది ఉంటేనే ఏమడిగినా ఇస్తారు. "సంతలో మేకలకి కడతాం ఇలాంటివి" అన్నాడాయన. అయినా చెయ్యి చాపాడు. ఆ పిల్ల నవ్వాపుకోలేక పట్టీని రెండుసార్లు జారవిడిచింది.

క్లోవెట్ మాత్రం ఈసారి గట్టిగా అనుకుని వచ్చింది: దేన్నీ ముట్టుకోను, ఎవరి పనిలోనూ వేలు పెట్టను. గదిలోకి రాగానే దీపపుస్టాండు మీద దుమ్ము కనిపించింది. కళ్లు మూసుకుంది. తెరలు ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయి. బయటికెళ్లి నిలబడింది. నెరిస్సా వెనకనుంచి "అమ్మా, చేతులు కట్టుకో" అనడం, ఆవిడ "కట్టుకున్నానే" అనడం, ఇలా తొలిరోజు ఎలాగో గడిచింది.

మర్నాడు పొద్దున మాత్రం చెయ్యి ఊరుకోలేదు. మొగుడు మొహం కడుక్కుని వచ్చేలోపు పక్క సర్దేసింది. సరిగ్గా అప్పుడే తలుపు తట్టి లోపలికొచ్చింది టెషీనా. ఒకప్పుడు క్లోవెట్ కింద పని నేర్చుకున్న పిల్ల. నేర్చుకోవడం అంటే మామూలుగా కాదు, వేసిన పక్కని క్లోవెట్ ఊడదీయించి మళ్లీ వేయించినప్పుడల్లా గోడవైపు తిరిగి ఏడ్చిన పిల్ల. ఇప్పుడు క్లోవెట్ కుర్చీలో ఉన్నది ఆమే, ఆడవాళ్లందరికీ పెద్ద. ఈ గది మాత్రం వేరేవాళ్లకి ఇవ్వకుండా తనే వచ్చింది.

టెషీనా మంచం చుట్టూ ఓ చుట్టు తిరిగింది. ఓ మూల వేలితో నొక్కి చూసింది. తర్వాత ఒక్క గుంజు గుంజి దుప్పటీ, గలేబులూ అన్నీ నేలమీద పడేసింది.

"అయ్యయ్యో, శుభ్రంగా వేశాను కదే!"

"వేశారు. ఇది నా గది మిస్ క్లోవీ. మీరు ఆ కుర్చీలో కూర్చోండి."

క్లోవెట్ కూర్చుంది. టెషీనా కొత్త దుప్పటి గాలిలో విసిరి పరిచింది.

"ఆ కింద మూల..."

"చూస్తున్నా."

"దిండు నోరు అటువైపు..."

"మిస్ క్లోవీ!"

వసారాలో కాకరాకు కషాయం ఊదుకుంటున్న రాన్స్‌ఫర్డ్ పెద్దగా నవ్వాడు. "నలభై ఏళ్లకి నీ నోరు మూయించే మనిషి దొరికింది. ఈ పిల్లని ఇంటికి తీసుకుపోదాం."

ఆయనకి అక్కడ సంతోషంగా ఉండటం మొదలైందని క్లోవెట్‌కి ఆ నవ్వుతోనే తెలిసింది. దానికి కారణం ఎగ్బర్ట్. ఇసకలో రేకుల పందిరి కింద పిమెంటో చెట్టు కట్టెల పొగలో, కారం మసాలా దట్టించిన జర్క్ కోడి కాల్చే ముసలాయన, క్లోవెట్‌తో పాటే చేరినవాడు. రాన్స్‌ఫర్డ్ మొదటి మధ్యాహ్నమే సంచి భుజానేసుకుని అక్కడికెళ్లి, "ఇందులో పెండలం కాలుస్తావా?" అని అడిగాడట. ఎగ్బర్ట్ ఓ దుంప తీసి వాసన చూసి, "మాస్ రాన్నీ, హోటలు వాళ్లు నాకిచ్చే పెండలం ఇలాంటిది కాదు" అని పొయ్యి మీద పెట్టాడట. నల్లగా కాలిన తొక్క గీకి, వెన్న రాసి, ఉప్పుచేప ముక్క పెట్టి ఇద్దరూ తింటుంటే ఎండకి ఎర్రగా కమిలిపోయిన దొరలు వచ్చి అదేమిటని అడిగారు. రెండో రోజుకి పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. రాన్స్‌ఫర్డ్ చిన్న ముక్కలు కోసి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటే వేస్తూ, "ఇంకోసారి రాకూడదు, వెనక పిల్లలున్నారు" అని గదమాయించాడు. కెజియా పక్కన నిలబడి ఐస్‌క్రీమ్ నాకుతూ లైను చూసుకుంది.

ఆ మధ్యాహ్నమే డార్లీన్ కనిపించింది.

క్లోవెట్ కొబ్బరాకుల గొడుగు కింద కూర్చుని వాళ్లని చూస్తోంది. పూలగౌను, నెరిస్సా బలవంతాన పెట్టించిన గడ్డిటోపీ. వెనకనుంచి ఎవరో "క్లోవీ!" అని అరిచి రెండు చేతులతో చుట్టేశారు. మిన్నెసోటా నుంచి ఏటా చలికాలం పిల్లాపాపలతో వచ్చే మనిషి. క్లోవెట్ ఆమె పిల్లల పక్కలు సర్దింది, జ్వరం వస్తే తడిగుడ్డ వేసింది, తువాళ్లతో హంసలు చేసి మంచం మీద పెట్టింది.

"పోయిన ఏడాది నువ్వు లేకపోతే ప్రాణం ఉసూరుమంది. నువ్వింకా ఇక్కడే ఉన్నావన్నమాట! ఎంత బాగున్నావో! మా అమ్మ నీ హంసల గురించి ఇంకా చెబుతుంది." కళ్లలో నిజమైన నీళ్లు. అదే ఊపులో, "క్లోవీ తల్లీ, మా గదికి ఓ నాలుగు తువాళ్లు పంపవూ? పిల్లలు అన్నీ ఇసక చేసేశారు" అంది.

క్లోవెట్ "అలాగేనమ్మా" అని లేచింది.

ఆలోచించి లేవలేదు. ఆ మాట చెవినబడితే కాళ్లు ఎప్పుడూ లేచే తీరులోనే లేచాయి. పొయ్యి దగ్గర్నుంచి రాన్స్‌ఫర్డ్ చూశాడు. కత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆమె తోట దాటి, వంటింటి వెనక సందులోంచి, బట్టల గదికి వెళ్లింది. కళ్లు మూసినా వెళ్లగలదు. కానీ తలుపు మారింది. పాత గడియ లేదు, కార్డు చూపిస్తే తెరుచుకునేది పెట్టారు. తట్టింది. ఎర్ర రిబ్బను కట్టుకున్న కొత్త పిల్ల తలుపు సందులోంచి మొహం పెట్టింది.

"మేడమ్, అతిథులు ఇటు రాకూడదండీ."

"నేను క్లోవెట్‌ని అమ్మా. మిస్ క్లోవీ. తువాళ్లు నాలుగు..."

"మీ గది నంబరు చెప్పండి మేడమ్, పంపిస్తాను. ఇక్కడ మాత్రం నిలబడకండి, బండ్లు తిరుగుతుంటాయి, తగులుతాయి." మర్యాదగానే చెప్పింది. చేతిమీది నీలం పట్టీ చూసి చెప్పింది.

క్లోవెట్ డార్లీన్ ఏటా దిగే గది నంబరు చెప్పింది. తలుపు మూసుకుంది. ఆమె మాత్రం కదల్లేకపోయింది. ఇసకలో కూర్చుంటే పనిమనిషి అనుకున్నారు, పనిమనుషుల దగ్గరికొస్తే అతిథి అన్నారు. మరి తను కూర్చోవలసిన చోటు ఎక్కడ? ఆ సందులో పనివాళ్లు సద్ది తినే సిమెంటు మెట్లున్నాయి. వాటి మీద చతికిలబడి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

టెషీనా బండి తోసుకుంటూ వచ్చి చూసి హడలిపోయింది. "మిస్ క్లోవీ! ఎవరేమన్నారు? ఈ కొత్త పిల్లేనా? చెప్పండి, దాని సంగతి..."

"దాన్నేం అనకు." క్లోవెట్ ముక్కు తుడుచుకుంది. "అది సరిగ్గానే చెప్పింది. నేను నీకు నేర్పిందేగా. అతిథి ఎవరైనా సరే, గడప దాటనివ్వకు అని." చెబుతూ చెబుతూ నవ్వొచ్చింది, నవ్వుతో పాటు మళ్లీ ఏడుపూ వచ్చింది. టెషీనా పక్కనే కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది.

అప్పుడొచ్చాడు రాన్స్‌ఫర్డ్. చేతులకి బొగ్గుమసి, మొహం కందగడ్డలా ఉంది. "నువ్వెందుకు లేచావు? ఆవిడ అడిగితే నువ్వెందుకు లేవాలి? నోట్లో మాట లేదా నీకు, నేను మా మొగుడితో వచ్చానని చెప్పడానికి?"

"తువాళ్లేగా అడిగింది. మంచి మనిషే ఆవిడ."

"మంచి మనిషే! మంచి మనిషి కాబట్టే నాకు మండుతోంది. చెడ్డదైతే రెండు తిట్టి వచ్చేవాణ్ణి."

టెషీనా లేచింది. ఏమనుకుందో, కార్డు తీసి బట్టల గది తలుపు తెరిచింది. "మాస్ రాన్నీ, ఇలా రండి. మిస్ క్లోవీ ఉండే చోటు మీరెప్పుడూ చూడలేదు కదా."

లోపల్నుంచి ఆవిరి మొహానికి కొట్టింది. గోడలకి ఆనుకుని పైకప్పుదాకా తెల్లబట్టల అరలు. అవతల గదిలో యంత్రాలు దడదడలాడుతున్నాయి, మాట వినాలంటే అరవాలి. మధ్యలో ఓ పొడుగాటి బల్ల, మడతలు పెట్టీ పెట్టీ అంచులు నున్నబడిపోయింది. రాన్స్‌ఫర్డ్ దానిమీద చెయ్యి పెట్టబోయి, మసి చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

"ఇక్కడేనా నువ్వుండేది?"

"గదులు సర్దినంతసేపు గదుల్లో. మిగతా అంతా ఇక్కడే."

"కిటికీ లేదే."

"లేదు."

బయటికొచ్చాక రాన్స్‌ఫర్డ్ సద్దిమెట్ల దగ్గర ఆగి, పెళ్లాం మొహం చూడకుండా అన్నాడు. "నువ్వు రోజంతా సముద్రం చూస్తూ ఉంటావనుకున్నాను క్లోవీ. నేను కొండమీద మట్టి తవ్వుకుంటుంటే నువ్వు ఈ గాలిలో, ఈ పూల మధ్య తిరుగుతావనుకున్నాను. ఇంటికొచ్చే దారిలో నువ్వు మాట్లాడకపోతే, ఈ కొండ, ఈ మొగుడు నచ్చక మాట్లాడట్లేదనుకున్నా."

"పిచ్చివాడా! నోరెత్తే ఓపిక ఉండేది కాదు."

"అడగలేదు నేను."

"నేనూ చెప్పలేదుగా."

ఆ మాటతో ఇద్దరికీ ఏదో బరువు దిగింది. రాన్స్‌ఫర్డ్ ఆమె చేతిలోంచి టోపీ తీసి తనే ఆమె తలమీద పెట్టాడు. వంకరగా పెట్టాడు. ఆమె సరిచేసుకోలేదు.

"ఇన్నేళ్లలో ఆ నీళ్లలో ఎన్నిసార్లు దిగావు?" అడిగాడు తోటలోకి వస్తూ.

"పనివాళ్లు దిగకూడదు. ఒక్కసారీ దిగలేదు."

"రేపు పొద్దున దిగుదాం."

"నీకు ఈత రాదు."

"నీకూ రాదు. నడుందాకా వెళ్దాం. అంతకంటే లోతుకి వెళ్లి మనం చేసే పనేముంది?"

మర్నాడు పొద్దున్న ఇసక ఇంకా చల్లగా ఉండగానే నలుగురూ నీళ్ల దగ్గరికెళ్లారు. రాన్స్‌ఫర్డ్ పొలానికి వేసుకునే ప్యాంటు మోకాళ్లదాకా మడిచాడు. క్లోవెట్, కూతురు కొన్న ఈతదుస్తుల మీద మొగుడి చొక్కా తొడుక్కుంది. మొదటి అల పాదాలకి తగలగానే కెవ్వుమంది. కెజియా చప్పట్లు కొట్టింది. "అమ్మమ్మా, అది కరవదు!"

ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని అడుగులో అడుగేస్తూ నడుందాకా వెళ్లారు. అక్కడ నీళ్లు ఆమెని నెమ్మదిగా ఎత్తి దించాయి. "రాన్నీ, వదలకు" అంది. "వదిలితే నేనూ పోతాను, ఎలా వదులుతాను?" అన్నాడు. నెరిస్సా వెనకనుంచి తల్లి వీపు కింద చెయ్యి వేసి, "వెనక్కి వాలమ్మా, ఏం కాదు" అంది. చాలాసేపు వాలనంది. చివరికి వాలింది. చెవుల్లోకి నీళ్లు వెళ్లి లోకం చప్పుడంతా పోయింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. కాళ్లు వాటంతటవే తేలాయి. ఎన్ని మేడమెట్లు ఎక్కాయో ఆ కాళ్లు, బరువే లేకుండా పైకొచ్చి నీళ్లమీద నిలిచాయి. క్లోవెట్ నోరు తెరిచి నవ్వింది, ఉప్పునీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరై లేచి, "మళ్లీ" అంది.

ఒడ్డున డార్లీన్ నిలబడి ఉంది. ఎవరో చెప్పినట్టున్నారు, మొహం పాలిపోయి ఉంది. మోకాళ్లలోతు దాకా వచ్చి ఆగింది.

"క్లోవీ... నాకు తెలీదు. నిన్న నేను నిన్ను... అడక్కుండా ఉండాల్సింది. రాత్రంతా నిద్రపట్టలేదు."

"తువాళ్లు అందాయా?"

"అందాయి."

"మరి బాధేముంది?"

"బాధే" అంది డార్లీన్. "నిన్ను చూసి అంత సంతోషపడ్డాను, ఎలా ఉన్నావని మాత్రం అడగలేదు."

రాన్స్‌ఫర్డ్ గొంతు సవరించుకున్నాడు. "ఇదుగోమ్మా, ఇవాళ మా ఆవిడ సెలవులో ఉంది. తువ్వాలు కావాలంటే నన్నడుగు. నేనూ తేను. కానీ మధ్యాహ్నం పొయ్యి దగ్గరికొస్తే పెండలం పెడతాను. నీకు రెండు ముక్కలు."

డార్లీన్ ఏడుస్తూనే నవ్వేసింది. కెజియా ఆమె చెయ్యి పట్టుకుని నీళ్లలోకి లాగింది. ఆ మధ్యాహ్నం ఆమె వచ్చి వాళ్ల బల్ల దగ్గరే కూర్చుంది, క్లోవెట్ పిల్లల గురించి, పని మానేశాక రోజులెలా గడుస్తున్నాయో, ఊరు గురించి అడిగింది. పాపం, ఒక్కోసారి అడిగిందే అడిగింది. క్లోవెట్ ఓపిగ్గా చెప్పింది. పళ్లేలు, కాఫీ కప్పులు వచ్చాయి, పోయాయి. ఎవరు తీశారో కూడా ఆమె గమనించలేదు.

నాలుగు రోజులూ ఉండి, అయిదో రోజు మధ్యాహ్నం అల్లుడి వ్యానులో కొండ ఎక్కారు. కొండమీద వాన. కెజియా జుట్టునిండా ఇసక. దారి పొడుగునా క్లోవెట్ మాట్లాడుతూనే ఉంది: ఏ గదిలో ఏ పెళ్లికూతురు అలిగి తలుపేసుకుందో, ఏ అంతస్తులో ఏ పెద్దాయన తన కట్టుడుపళ్లు దిండుగలేబులో మర్చిపోతే బట్టల గదంతా వెతికారో. రాన్స్‌ఫర్డ్ మధ్యమధ్య "ఆ తర్వాత?" అంటూనే ఉన్నాడు.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక, కబుర్లు వినాలని హైసింత్ వచ్చింది. రాన్స్‌ఫర్డ్ వాకిట్లోనే ఆపేశాడు.

"నిద్రపోతోంది."

"ఈ వేళప్పుడా? ఒంట్లో బాగాలేదా ఏం?"

"బాగానే ఉంది. నిద్రపోతోంది" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు మెల్లగా మాట్లాడు."

హైసింత్ అరుగుమీద కూర్చుంది. ఆయన లోపలికెళ్లి ఆమెకి టీ పెట్టుకొచ్చాడు.